మా జీపు క్లచ్చు సీలలు

మంగంపేటలో ధూళి యెక్కని వస్తువు లేదు. కడపసీమకు ఆగ్నేయపు కొసను, ఓబులవారిపల్లెకును రైల్వే కోడూరునకును చేరువగా నున్న యీ యూరు చిన్నదే యైనను, దేశదేశములలో చమురుబావులు త్రవ్వించువారు దీని పేరెఱుగుదురు. ఇచ్చటి నేలలో నున్నది ముగ్గురాయి. శాస్త్రజ్ఞులు దానిని బెరైటీసందురు. అది నీటికంటె నాలుగు రెట్లకు మించిన బరువు గలది. దానిని పిండిగా విసరి బురదనీటిలో కలిపి బావిలోనికి పోసినచో, లోపలి చమురును వాయువును ఒక్కపెట్టున పైకి తన్నుకొని రాక ఆ బరువునకు అణగియుండును. ఇంత పెద్ద నిక్షేపము లోకమున మిక్కిలి అరుదని చెప్పుదురు. ఆడువారికి మాత్రము అది వాకిట వేయు ముగ్గుపిండియే. లారీలు తిరుగు దారిప్రక్కన కాపురమున్న మాకు అది ఊరగాయ జాడీ వాసెనగుడ్డమీదను, తులసియాకులమీదను, మా భారతసంపుటములమీదను దినదినము తుడువవలసిన బూడిదరంగు పొర. ఆ పొర యంత్రముల కీళ్లలోనికి కూడ పోవును. అచ్చట తుడుచువా రుండరు.

మేమిప్పుడు వ్రాయబూనినది ఒక పాత జీపు క్లచ్చునుగూర్చి. ఇండ్లలో చదువుకొను ఈ పుటలలో ఇనుపకడ్డీల ప్రస్తావన మేల యని కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. కైక యుద్ధభూమినుండి దశరథుని తప్పించి తెచ్చిన కథ మన మందఱ మెఱిగినదే గదా. రథపు ఇరుసుసీల యూడిపోగా ఆమె తన వ్రేలినే సీలగా దూర్చి చక్రమును నిలిపెనని మన ముసలమ్మలు చెప్పుదురు. అమరకోశమున ఆ సీలకు అణి యని ప్రత్యేకముగ పేరే కలదు. మాకు ఇంటిలో అమరము వల్లె వేయించిన మా తాతగారు ఆ మాటకడ ఆగి, పెద్ద రథములు చిన్న సీలలమీదనే నడచుచుండునని చెప్పెడివారు. వరములసంగతి తరువాతిది. సీల యూడినదని ఆ రణములో ముందుగా కనిపెట్టినది ఆమె.

జీపు మా మామగారిది. ఆయన గనులలో లెక్కలు వ్రాయుచు, 1984లో ఒక వేలములో దీనిని కొనిరి. బండి 1967వ సంవత్సరపుది. అమెరికాలో విల్లిస్ కంపెనీవారు 1953లో తెచ్చిన రకమును మహీంద్రావారు మన దేశమున చాలకాలము తయారు చేసిరి. ఆ రకమునకు కొత్త ఇంజను ఎత్తు హెచ్చుటచేత ముందరి మూతను కూడ ఎత్తుగా కట్టిరి. అందుచేత ఆ జీపు ఎదుటినుండి చూచిన, గడ్డము పైకెత్తి నడచు పెద్దమనిషివలె నుండును. చక్రము ఎడమవైపున నుండును గనుక వెనుక తలుపుమీద ‘లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్’ అని ఎఱ్ఱరంగుతో వ్రాసియున్నది. మామగారు ఆ అక్షరములను ప్రతి సంక్రాంతికిని తామే దిద్దెడివారు. ఆయన పోయి ఐదేండ్లు కావచ్చినది. ఆ పిమ్మట రెండు సంక్రాంతులు ఎవ్వరును దిద్దలేదు. మూడవయేట అత్తగారు కుంచె తెచ్చి మా చేతికిచ్చిరి. మాటయేమియు నాడలేదు.

మావారు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులు. ఆయనకు సైకిలుమీద పోవుట యిష్టము. జీపు నడుపుట మాకు మామగారే నేర్పిరి. పెట్రోలు త్రాగుటలో ఈ బండికి సాటిలేదు. కావున ఊరకే తిప్పు అలవాటు మాకు లేదు. నెలకొకమారు అత్తగారిని కంటివైద్యమునకు తీసికొనిపోవుట, తోటలో అరటిగెలలు దిగిన నాడు కోడూరు మార్కెట్టునకు చేర్చుట, వీధిలో ఎవరికైన రాత్రివేళ ఆపద వచ్చిన ఆసుపత్రికి చేర్చుట, ఇవియే దాని పనులు. ఈ మూడవ పనికొఱకే వీధిలోని ఆడువారు మా తలుపు తట్టుదురు.

గత వేసవికి ముందు గేర్లు మార్చునప్పుడు పండ్లు కొఱికినట్లు చప్పుడు మొదలైనది. మొదట వెనుకగేరు. పిమ్మట మొదటిగేరు. ఒకనాటి సాయంకాలము బడి విడిచిన వేళ పాఠశాల వాకిట మేము బండిని నిలిపి, క్లచ్చు పెడలును నేల తాకునంతవఱకు త్రొక్కి, పిల్లలు దాటుటకు కాచియుంటిమి. గేరు పడియున్నది. పెడలు నేలను ఆనియున్నది. అయినను బండి ముందునకు జరిగినది. జానెడు మాత్రమే. మేము బ్రేకు త్రొక్కగా ఇంజను కొట్టుకొని ఆగిపోయినది. ముందర నిలిచిన పిల్లవానికిని జీపునకును నడుమ రెండు మూరల యెడముండెను. వాడు పుస్తకముల సంచి సవరించుకొని పోయెను. వానికేమియు తెలియదు. మాకు చేతులు చాలసేపు వణకినవి.

ఆ రాత్రి మావారు బండి నమ్మివేయవలసినదే యనిరి. మఱునాడు పట్టణములో ఒక కార్ఖానాకు చూపగా అచ్చటివారు పెడలును నాలుగుమార్లు త్రొక్కి, “క్లచ్చంతా పోయింది, గేరుబాక్సు దించాల” అనిరి. క్లచ్చు ప్లేటు, ప్రెషరు ప్లేటు, బేరింగు మూడును మార్చవలెనట. ఇంజను వెనుక నున్న గేరుపెట్టెయు, నాలుగు చక్రములకు బలము పంచు రెండవ పెట్టెయు దించనిదే లోపలికి చేయి పోదట. వారు చెప్పిన కూలి మా నెల ఖర్చునకు మించినది. క్రిందికి వంగి చూచినవారొక్కరును లేరు. ఇంతలో మఱియొక గడువు సమీపించుచుండెను. సొంత వాహనమునకు మొదటి నమోదు 15 సంవత్సరములు చెల్లును. అటుపై 5 సంవత్సరముల కొకమారు బండిని తనిఖీ చేయించి పునర్నమోదు చేయించుకొనవలెను. మా గడువు ఆషాఢములో తీరును. పాతయినుము వ్యాపారి వచ్చి బండిచుట్టు తిరిగి, తూకపులెక్కన ధర చెప్పిపోయెను. అత్తగారు ఆ పూట అన్నము తినలేదు. కడుపులో బాగులేదనిరి.

క్లచ్చు అననేమో ముందు చెప్పవలెను. ఇంజను తిరుగుచునే యుండును. చక్రములు ఆగవలసినప్పుడు ఆగవలెను. ఈ రెంటిని కలుపుటయు విడదీయుటయు దాని పని. రెండు అరచేతుల నడుమ ఒక తాటాకు నిఱికించి గట్టిగా నొక్కిపట్టుడు. చేతులు తిప్పిన ఆకును తిరుగును. ఒక చేతిని రవ్వంత వెనుకకు తీసిన చాలు, ఆకు తిరుగుట మానును. ఇంజనుచక్రము ఒక అరచేయి. ప్రెషరు ప్లేటు రెండవ చేయి. నడుమ నున్న ఆకే క్లచ్చు ప్లేటు. గట్టి స్ప్రింగులు ఎల్లప్పుడు నొక్కియుంచును. మనము పెడలు త్రొక్కినప్పుడే రెండవ చేయి ఆ రవ్వంత వెనుకకు జరుగును. ఆ రవ్వంత జరుగనిచో ఆకు విడువడదు. పాఠశాల వాకిట బండి జరుగుటకు కారణ మదియే.

పెడలునకును ఆ రెండవ చేతికిని నడుమ దూరము కలదు. కాలి బలము అచ్చటికి పోవు దారి ఇట్లుండును. పెడలు నేలపలక క్రింద ఒక అడ్డకడ్డీపై మీటవలె తిరుగును. దాని క్రిందికొమ్మునుండి ఒక ఇనుపకడ్డీ వెనుకకు పోయి, అడ్డముగా నున్న ఒక గొట్టముయొక్క చేతిని లాగును. ఆ గొట్టము ఒకవైపు బండి చట్టమునకును, మఱియొకవైపు క్లచ్చును కప్పిన ఇనుపగూటికిని నడుమ రెండు గుండ్రని గుండుసీలలపై తిరుగును. మేస్త్రీలు వానిని బాల్ పిన్నులందురు. గొట్టముయొక్క రెండవ చేయి ఒక తీగత్రాటిని లాగును. త్రాడు ఫోర్కును లాగును. ఫోర్కు బేరింగును నెట్టును. అత్తకు చెప్పవలసిన మాటను ఆడపడుచుతో, ఆడపడుచు మఱదితో, మఱది పాలేరుతో చెప్పినట్లు ఇంత తతంగము. ప్రతి కలయికకడను ఒక సీల, ఒక బొక్క. ఆ మాట చేరుసరికి ఎంత మిగులునో ఊహించుకొనవచ్చును.

గేరుపెట్టె దించుటకుముందు ఈ దారినెల్ల చూడవలెనని మాకు తోచినది. దీనికి గొప్ప విద్య యక్కఱలేదు. ఉయ్యాల బల్ల గొలుసు కొక్కెమును ఎవరైన ఎక్కి చూచియున్నచో చాలును. కొక్కెము కమ్మిని తినును, కమ్మి కొక్కెమును తినును. పదేండ్లకు రెండును సగమగును. పైనుండి చూచువారికి ఉయ్యాల యూగుచునే యుండును. ఇసుర్రాయి నడిమిసీలయు నంతే. బొక్క పెద్దదైనకొలది పైరాయి పడవవలె నూగును. పిండి బరకగా వచ్చును. అప్పుడు రాయి పోయినదని కొత్తరాయి కొనువారు ఏ యింటనైన నుందురా?

జీపు క్రిందికి దూరుటకు జాకీ అక్కఱలేదు. అంత ఎత్తుగా నుండును. ఇంజను చల్లారిన పిమ్మట గేరులో నుంచి, నాలుగు చక్రములకు ముందు వెనుక రాళ్లు పెట్టి, పాత గోనెపట్ట పఱచి, మేము కొంగు బిగించి క్రింద పరుంటిమి. పై నుండి మెల్లగా పెడలు త్రొక్కుటకు ఒక మనిషి కావలెను. మావారు పరీక్షాపత్రములు దిద్దుటకు పోయియుండిరి. పిల్లలు నిదానముగ త్రొక్కరు. కావున అత్తగారిని పిలిచితిమి.

ఆమె వాకిట నిలిచి, “మీ మామ కూర్చున్న తావులో నన్ను కూర్చోమంటావా అమ్మీ?” అనిరి.

“మీరు కూర్చుంటేనే పని జరుగుతుంది అత్తమ్మా, నాకు ఇంకెవరున్నారు?” అంటిమి.

ముప్పదియైదేండ్లు ఆ బండిలో ప్రక్కసీటున కూర్చున్న ఇల్లాలు ఆనాడు మొదటిమారు చక్రము ముందర కూర్చుండిరి. కొంతసేపు చక్రముమీద చేతులుంచి యూరకుండిరి. మేము తొందరపెట్టలేదు. పిమ్మట, “ఎంత తొక్కాల?” అని అడిగిరి. వ్రేలి వెడల్పు చొప్పున త్రొక్కి ఆపుడని చెప్పితిమి. ఆ పనిని ఆమె నోముకథ చెప్పునప్పుడు అక్షతలు వేసినంత శ్రద్ధతో చేసిరి.

క్రిందనుండి చూచినది యథాతథముగ చెప్పుచున్నాము. పెడలు మొదటి వ్రేలి వెడల్పు దిగినది. క్రిందికొమ్ము కదలినది గాని కడ్డీ కదలలేదు. కొమ్ము బొక్కలో సీల ఈవలినుండి ఆవలికి పొరలినది, అంతే. రెండవ వ్రేలికి కడ్డీ కదలినది. గొట్టపుచేయి కదలలేదు. తరువాత చేయి కదలినది గాని, గొట్టము తిరుగుటకు మారుగా మొత్తముగా ఒకప్రక్కకు ఒరిగినది. గుండుసీలలు ఒకవైపు అఱిగి చదునైనవి. అచ్చట ధూళి చొరకుండ ఉండవలసిన కంబళివాసర్లు ఎన్నడో మాయమైనవి. అటుపై గొట్టము తిరిగినది. తీగత్రాటి కొనయందలి రెండు చెవుల నడుమ మరల సీల పొరలినది. ఇంత జరిగిన పిమ్మట ఫోర్కు కదలుట కారంభించెను. అప్పటికి పై నుండి అత్తగారు “సగం దిగిపోయిందమ్మీ” అనిరి.

ఇచ్చట మంగంపేట ధూళికి మేము న్యాయము చేయవలెను. ముగ్గురాయి బరువైనదేగాని కఠినమైనది కాదు. దాదాపు రాగికాసు గీచినను గీత పడును. ఉక్కును అరగదీయు శక్తి దానికి లేదు. కాని లారీల దారిధూళిలో ఇసుకయు కలిసియుండును. ఇసుకరేణువు ఉక్కును గీయగలది. ఆ రేణువులు పాత గ్రీజులో చిక్కుకొన్నచో, కత్తులు నూరువాని సాననుబోలిన ముద్దయగును. కీలు తిరిగిన ప్రతిమారు సాన పట్టినట్లే. కందెన లేని కీలు కిఱ్ఱుమని యఱచి తన బాధ చెప్పుకొనును. మురికికందెనగల కీలు చప్పుడు లేకయే అఱుగును.

సాయంకాలము మావారు వచ్చి మా కొలతలు చూచి, పలకమీద లెక్క వేసిరి. సీలల వదులు చూచుటకు చాల స్వల్పము. పెడలు కొమ్ముకడ 2 మిల్లీమీటర్లు, గొట్టపుచేతికడ 1.5, గుండుసీలలకడ 1.5, త్రాటికొన రెండువైపుల కలిపి 3. మొత్తము 8 మిల్లీమీటర్లు. కాని పెడలు మీట గదా. మీట పైకొన పొడవు, క్రిందికొన పొట్టి. మా బండిలో క్రింద ఒక పాలు కదలుటకు పాదము ఐదు పాళ్లు కదలవలెను. త్రాటికొనకు చేరుసరికి ఆరు పాళ్లు. అనగా మొదటి మూడుచోట్ల 5 మిల్లీమీటర్లు పాదముకడ 25 అగును. చివరి 3 మిల్లీమీటర్లు 18 అగును. మొత్తము 43 మిల్లీమీటర్లు, అంగుళమున్నరకు మించినది. పెడలు మొత్తము కదలిక 5 అంగుళములు. అందు ఒక అంగుళము న్యాయముగా వదులుగా నుండవలసినదే, దాని కారణము ముందు చెప్పెదము. పోగా మిగిలినది రెండుంబాతిక అంగుళములు. నాలుగంగుళములు చేయవలసిన పనిని రెండుంబాతిక యెట్లు చేయును? మావారు పలకను క్రింద పెట్టి, “ఏ సీలమీదను తప్పు మోపుటకు వీలులేదు” అనిరి. పాతయినుము వ్యాపారి మాట ఆ పిమ్మట మా యింట వినబడలేదు.

ఆ ఒక అంగుళమునుగూర్చి సోదరీమణులు తెలిసికొనదగినది కలదు. ఏలయన మోసపోవుట కిదియే స్థలము. పెడలుపై కాలు లేనప్పుడు బేరింగు ప్రెషరు ప్లేటు వ్రేళ్లను తాకక రవ్వంత యెడముగా నుండవలెను. ఆ యెడమే పాదముకడ అంగుళమై కనబడును. అది లేనిచో బేరింగు రాత్రింబవళ్లు ఒరసికొని మాడును. స్ప్రింగులు పూర్తిగా నొక్కజాలక క్లచ్చు జారును. త్రాటికొనయందు మరలు గల ఒక నట్టు కలదు. దానిని బిగించిన పెడలు వదులు తగ్గును. మా బండి క్లచ్చు సరిగా పడుటలేదని చెప్పినప్పుడెల్ల ఎవరో ఒకరు ఆ నట్టును బిగించి పంపుచు వచ్చిరి. మేము చూచునప్పటికి మరలు తుదకు వచ్చినవి. సీలల వదులును నట్టుతో తీయబోయినచో ఉండవలసిన యెడము పోవును, పోవలసిన వదులుండును. పైనుండి పాదమునకు రెండును ఒకటిగానే తోచును. రెంటిని వేఱుపఱచుట కుపాయ మొకటే. క్రిందికి దూరి, ఫోర్కు కొనను చేతితో పట్టి ముందు వెనుకలకు ఆడించి చూడవలెను. అచ్చట తెలియు కొద్దిపాటి ఆటయే న్యాయమైన యెడము. తక్కినదెల్ల అఱుగుదల.

కోడూరులో లేతుయంత్రము పెట్టుకొన్న ఒక వృద్ధుడు కలడు. మామగారికి పరిచయస్థుడు. వస్తువులన్నియు విప్పి, ఏది ఎచ్చటిదో దారముతో చీటీ కట్టి, పప్పు దబరలో పెట్టుకొని అతనికడకు పోతిమి. అతడు మొదటి సీలను కన్నులకు దగ్గఱగా పట్టుకొని, “అయివారమ్మా, బొక్క కోడిగుడ్డు మాదిరి అయ్యింది. మంచి బొక్క గుండ్రంగా ఉండాల” అనెను. కొలువగా 10 మిల్లీమీటర్ల సీల నడుమ 9కి సన్నగిల్లినది. బొక్క 11కి సాగినది. మేము చెప్పిన 2 మిల్లీమీటర్ల వదులు లెక్క సరిపోయినందుకు మాకు కలిగిన సంతోషము ఏ నగ కొన్నప్పుడును కలుగలేదు.

ఇట్టివానిని బాగుచేయుటకు రెండు మార్గములు. సాగిన బొక్కను వెల్డింగుతో పూడ్చి మరల తొలుచుట యొకటి. ఇది చౌక. త్వరగా నగును. కాని పూడ్చిన లోహము అచ్చటచ్చట గట్టిపడి తొలుపు ప్రక్కకు పోవుననియు, గరుకు మిగిలిన కొత్తసీలను తినుననియు అతడు చెప్పెను. బొక్కను ఇంకను పెద్దదిగా గుండ్రముగా తొలిచి, లోపల కంచుబుష్షు నొక్కి, దానిలో ఉక్కుసీలను తిప్పుట రెండవది. దీనికి కూలి హెచ్చు. మేము రెండవదానినే కోరితిమి. బుష్షు సీలకంటె మెత్తన. కావున ముందుముందు అఱుగునది బుష్షే. అది అఱిగిన దానిని తట్టి తీసి మఱియొకటి వేయవచ్చును. పెడలు కొమ్మునకు గాయము తగులదు. వంటయింటిలో మనము మడిగుడ్డతో గిన్నె దించునట్లే, పోవునది గుడ్డయే కావలెను గాని చేయి కారాదు. పెడలు కొమ్ము బొక్కను 14 మిల్లీమీటర్లకు తొలిచి బుష్షు వేసిరి. చుట్టు లోహము చాలినంత మిగిలినది. గొట్టపు చేతులు రెంటికిని అట్లే చేసిరి. తీగత్రాటి కొన చెవులు మాత్రము పలుచన. వానిలో బుష్షు నిలువదు. దానికి కొత్తదే కావలెను.

కొత్తది మా సీమలో దొరకలేదు. చెన్నపట్టణమున పుదుపేట యను వీధులు కలవు. పాత బండ్లను విప్పి అంగుళమంగుళముగా అమ్ము అంగళ్లు అచ్చట వరుసగా నుండును. మా తమ్ముడు ఆ నగరముననే యుద్యోగి గనుక, గుండుసీలల కొలతలును పాత త్రాటికొన బొమ్మను కాగితముపై వ్రాసి పంపితిమి. అతడు రెండు ఆదివారములు తిరిగి గుండుసీలలు, వాని స్ప్రింగులు, కంబళివాసర్లు, తీగత్రాడు సంపాదించి రైలులో వచ్చినవారిచేత పంపెను. అక్కా, నాకు పెండ్లిసంబంధములు వెదకునప్పుడు కూడ నీవింత నిక్కచ్చిగా కొలతలు వ్రాయలేదే యని చీటీ వ్రాసెను. దుకాణదారుడు మొదట ఇచ్చిన గుండుసీలలు మఱియొక రకపు బండివి. తమ్ముడు కొలకఱ్ఱతో పోయినాడు గనుక సరిపోయినది. పాతబండ్ల వస్తువులను పేరు చెప్పి కొనరాదు. పాతవస్తువును చేతబట్టుకొని పోవలెను, లేదా కొలతనైన తీసికొని పోవలెను.

కూర్చుటలో చెప్పదగినది అంతగా లేదు. సీల కొనలకు వేయు స్ప్లిట్ పిన్నులను పాతవానిని వంచి మరల వాడరాదు. ఒకమారు వంగినది రెండవమారు విఱుగును. అణాకు కొఱగాని ఆ పిన్ను విఱిగిన సీల జారును. సీల జారిన పెడలు చచ్చిన కాలివలె నేలకు పడును. అన్నియు బిగించి, చివరి నట్టుతో పాదముకడ ఒక అంగుళము వదులుండునట్లు సరిచేసితిమి. అత్తగారు ఈసారి పిలువకయే వచ్చి కూర్చుండిరి. “ఇప్పుడు తొక్కితే అడుగున బరువు తగుల్తాంది” అనిరి. క్లచ్చు స్ప్రింగుల బరువు పాదమునకు తెలియుటయే గదా కావలసినది. ఇంతకాలము ఆ బరువు తెలియక పోవుటయే రోగము.

క్లచ్చు విడుచుచున్నదో లేదో తెలిసికొనుట కొక పరీక్ష కలదు. బండి నిలిపి, ఇంజను మెల్లగా తిరుగుచుండగా పెడలు పూర్తిగ త్రొక్కి, ఐదు లెక్కించి, వెనుకగేరు వేయవలెను. ప్లేటు విడివడినచో ఆ ఐదు లెక్కించుసరికి లోపలి చక్రములు ఆగిపోవును, గేరు మౌనముగా పడును. పండ్లు కొఱికినట్లు చప్పుడైన ఇంకను విడువలేదన్నమాట. మేము ఐదు లెక్కించి వేసితిమి. చప్పుడు లేదు. అత్తగారు ఇంకొకమారు వేయుమనిరి. ఇంకొకమారు వేసితిమి. లేతుకూలి 900, పుదుపేట వస్తువులు 1,100, గ్రీజును చిల్లరయు 350, మొత్తము 2,350 రూపాయలైనది. గేరుపెట్టె దించలేదు. క్లచ్చు ప్లేటు పాతదే. ఇంకను ఎన్నాళ్లు వచ్చునో చూడవలెను. జారుట యారంభమైన నాడు దానినిగూర్చి విచారింతుము.

గ్రీజు విషయములో మాత్రము మేము మొండివారము. మా యూరిలో గ్రీజు మీద గ్రీజు పెట్టుట పాపము. నెలకొకమారు పాతదానిని గుడ్డతో పూర్తిగ తుడిచి, అప్పుడు కొత్తది పట్టింతుము. గుండుసీలలపై పాత సైకిలుట్యూబు ముక్కను చొక్కావలె తొడిగి దారముతో కట్టితిమి. ఎక్కువైన గ్రీజు కారి క్లచ్చు గూటిలోనికి పోరాదు. పోయిన ప్లేటు జారును. ఈ పనికి అమావాస్యను నియమించుకొంటిమి. తిథి చెప్పినచో అత్తగారు మఱవరు గనుక.

ఆషాఢములో తనిఖీకి పోతిమి. పరీక్షించు అధికారి దీపములు, హారను, బ్రేకులు చూచి, బండి నెక్కి ప్రాంగణములో రెండుమార్లు త్రిప్పిరి. దిగి, “ఎవరు నడుపుతారు దీన్ని?” అని అడిగిరి. మావారు మమ్ము చూపిరి. ఆయన ఇంకేమియు ననక వ్రాతపని ముగించి, ఐదేండ్లకు పునర్నమోదు చేయించి పంపిరి. తిరుగుదారిలో పాఠశాల వాకిట బడి విడిచిన వేళయే యయ్యెను. గేరులో నుంచి పెడలు త్రొక్కి నిలిపితిమి. పిల్లలందఱు దాటువఱకు బండి కదలలేదు.

వీధిలోని ఒకరిద్దరు ఆడువారు ఇప్పుడు తమ ఇండ్లలోని ఇసుర్రాళ్ల సీలలను లేతు మేస్త్రికి చూపుటకు మాచేత ఇచ్చి పంపుచున్నారు. బ్రేకు పెడలు కూడ ఈ క్లచ్చు పెడలు తిరుగు అడ్డకడ్డీమీదనే తిరుగును. దాని బుష్షులో కొంచెము ఆట యారంభమైనట్లు తనిఖీకి ముందే చూచితిమి. అపాయము లేనంత స్వల్పమే గాని, దానిని నట్టుతో బిగింపనీయము. దసరా సెలవులలో విప్పుటకు నిశ్చయించుకొని, ఆ కొలతలును లేతు మేస్త్రికి ఇచ్చివచ్చితిమి.